ఏం కావాలో అడగకండి, ఏం చేశారో అడగండి: యూజర్ రీసెర్చ్‌కు సులువైన పద్ధతులు

"మీకేం కావాలి?" అని అడిగితే ఎవరైనా ఏదో ఒకటి చెబుతారు. అడిగినవాళ్లను చిన్నబుచ్చడం ఇష్టంలేక చెబుతారు, అప్పటికప్పుడు తోచింది చెబుతారు, ఈమధ్య ఎక్కడో చూసినదాన్ని గుర్తు తెచ్చుకుని చెబుతారు. అందులో మోసమేమీ లేదు. తన ఇబ్బందిని విడదీసి చూసుకుని, దానికో పరిష్కారం ఊహించి, మాటల్లో పెట్టడం చాలా కష్టమైన పని. ఆ పని చేయాల్సింది తయారుచేసేవాళ్లు. వాడేవాళ్ల మీద దాన్ని నెట్టకూడదు. వాడేవాళ్ల అవసరాలను అలా తెలుసుకునే పనినే యూజర్ రీసెర్చ్ అంటారు.

రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. నాలుగు జతల మేజోళ్లను వరసగా పెట్టి, వీటిలో ఏది నాణ్యమైనదో చెప్పమన్నారు. నిజానికి నాలుగూ ఒకే రకం. అయినా ఎడమ చివరి జతకంటే కుడి చివరి జతను ఎంచుకున్నవాళ్లు దాదాపు నాలుగు రెట్లున్నారు. ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, వరసలో అది ఉన్న చోటే కారణమన్న మాట ఒక్కరి నోటా రాలేదు. అంటే, తాము చేసిన పనికి అసలు కారణం చాలాసార్లు చేసినవాళ్లకే తెలియదు.

కాబట్టి ఒక వరస గుర్తుంచుకుంటే చాలు. కళ్లతో చూసిన పనికి ఎక్కువ విలువ. ఇటీవల జరిగిందని వాళ్లు వివరంగా చెప్పిన పనికి ఆ తర్వాతి విలువ. చేసినదానికి చెప్పే కారణానికి ఇంకొంచెం తక్కువ. "అలాంటిది ఉంటే తప్పకుండా వాడతాను" అనే మాటకు అన్నిటికంటే తక్కువ. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ వరస మీదే నిలబడ్డాయి.

అర్థం కావడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మందులు వేళకు వేసుకోమని గుర్తుచేసే ఫోన్ యాప్ తయారుచేయాలని మీ ఆలోచన అనుకోండి.

మొదలుపెట్టే ముందు మూడు వాక్యాలు

ఒక కాగితం మీద ఇవి రాయండి. ఒకటి, ఇప్పుడు మనం తీసుకోవాల్సిన నిర్ణయం ఏమిటి. రెండు, ఏది తెలియక ఆ నిర్ణయం ఆగింది. మూడు, ఏం బయటపడితే మన ఆలోచన మార్చుకుంటాం.

మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. అసలు కీలకం అదే. "మందు తప్పిపోయిన సందర్భాల్లో ఎక్కువ భాగం మరచిపోవడం వల్ల కాదని తేలితే, గుర్తుచేసే యాప్ ఆలోచన పక్కన పెడతాం" అని ముందే రాసుకుంటే, తర్వాత దొరికినదాన్ని మనకు నచ్చినట్టు వంచుకునే వీలు తగ్గుతుంది. ఏం తేలినా ఆలోచన మార్చుకోమనుకుంటే ఆ రీసెర్చ్ చేయకండి. పదిమంది సమయం వృథా చేయడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఆ కాగితం కిందనే, మీరు నిజమని నమ్ముతున్నవన్నీ రాయండి. మందు వేసుకునేది రోగే, ఫోన్ ఎప్పుడూ దగ్గరే ఉంటుంది, వేళ తెలిస్తే మందు వేసుకుంటారు... ఇలా పది దాకా వస్తాయి. వీటిలో ఏది తప్పయితే మొత్తం కూలిపోతుందో దానికి చుక్క పెట్టండి. మీ ప్రశ్నలు ఆ చుక్క పెట్టినవాటి చుట్టూ తిరగాలి.

ఎవరితో మాట్లాడాలి

స్నేహితులు, బంధువులు, సహోద్యోగులు వద్దు. వాళ్లు మీ మొహం చూసి మాట్లాడతారు.

మనుషులను వయసు, ఉద్యోగాన్ని బట్టి ఎంచుకోవడం అలవాటుగా జరిగే పొరపాటు. ఎంచుకోవాల్సింది వాళ్లు చేసే పనిని బట్టి. మన ఉదాహరణలో మూడు రకాలవాళ్లు కావాలి: రోజూ రెండు మూడు రకాల మందులు వేసుకునేవాళ్లు, ఇంకొకరికి మందులు ఇచ్చే బాధ్యత ఉన్నవాళ్లు, ఇలాంటి యాప్ పెట్టుకుని కొన్నాళ్లకు తీసేసినవాళ్లు. ఈ మూడో రకాన్ని వెతికి పట్టుకోవడం కష్టమే, కానీ ఎక్కువ నేర్పేది వాళ్లే. ఇప్పటికీ వాడుతున్నవాళ్లతో మాత్రమే మాట్లాడితే అంతా బాగానే ఉందనిపిస్తుంది.

ఒక్కో రకం నుంచి ఐదారుగురు చాలు. ఆరుగురు కావాలంటే ఎనిమిది మందికి సమయం ఇవ్వండి, ఒకరిద్దరు ఎలాగూ రారు. చివరి రెండు మూడు సంభాషణల్లో కొత్త సంగతి ఏదీ రాలేదంటే ఆ రకం పూర్తయినట్టే. ఇంకా వస్తూనే ఉంటే, మీరు ఒకే రకం అనుకున్నది నిజానికి రెండు రకాలై ఉండొచ్చు.

ఎంపికకు నాలుగైదు ప్రశ్నల చిన్న ఫారం చాలు. దానిలో మీకు కావలసిన జవాబు ఏదో తెలియకూడదు. "మీరు రోజూ మందులు వేసుకుంటారా?" అని రాస్తే, బహుమతి కోసం ఎవరైనా అవునంటారు. "గత 7 రోజుల్లో వీటిలో ఏవి చేశారు?" అని ఆరేడు పనులు ఇచ్చి, మందులు వేసుకోవడాన్ని వాటి మధ్యలో పెట్టండి. చివరిగా "ఒక రోజు మందులు ఎలా వేసుకున్నారో రెండు వాక్యాల్లో రాయండి" అనండి. నిజంగా చేసేవాళ్లు రాసే రెండు వాక్యాల్లో ఏదో ఒక వివరం ఉంటుంది. చేయనివాళ్లవి పొడిగా ఉంటాయి.

మాట్లాడినవాళ్లను, తెలిసినవాళ్లలో ఒకరిని పరిచయం చేయమని అడగొచ్చు. ఒక్కరికే పరిమితం చేసుకోండి. ఒకరి స్నేహితులందరూ ఒకేలా బతుకుతుంటారు కాబట్టి, అలా అల్లుకుంటూ పోతే ఒకే కథ ఆరుసార్లు వింటారు. సమయం ఇచ్చినందుకు ఏదైనా ఇవ్వాలనుకుంటే సంభాషణ మొదట్లోనే ఇచ్చేయండి. చివర్లో ఇస్తే, మీకు నచ్చేలా మాట్లాడితేనే అందుతుందన్న భావన లోపల ఎక్కడో పనిచేస్తుంది.

ఇంటర్వ్యూ

ఒక్కటే పద్ధతికి సమయం ఉందంటే దీన్ని ఎంచుకోండి. 45 నిమిషాలు, మీవైపు నుంచి ఇద్దరు: ఒకరు అడగడానికి, ఒకరు రాయడానికి. ముగ్గురు నలుగురు ఎదురుగా కూర్చుంటే అవతలివాళ్లకు విచారణలా అనిపిస్తుంది. రోజుకు మూడు, మహా అయితే నాలుగు. మధ్యలో కనీసం అరగంట విరామం ఉండాలి. ఆ అరగంట ఎందుకో కింద చెబుతాం.

మొదటి ఐదు నిమిషాలు ఇలా మాట్లాడండి: "మీరు మందులు ఎలా వేసుకుంటారో నేర్చుకోవడానికి వచ్చాం. ఇక్కడ తప్పు జవాబు అంటూ లేదు. చెప్పడం ఇష్టంలేని ప్రశ్న వస్తే వదిలేయండి, ఎప్పుడంటే అప్పుడు ఆపేయొచ్చు. మీకు అభ్యంతరం లేకపోతే రికార్డ్ చేసుకుంటాం." మీ యాప్ ఊసు ఎత్తకండి. ఎత్తిన క్షణం నుంచి వాళ్లు మందుల గురించి మాట్లాడడం మానేసి మీ యాప్ గురించి మాట్లాడతారు.

తర్వాత ఐదు నిమిషాలు తేలిక ప్రశ్నలు. ఆపైన కనీసం పాతిక నిమిషాలు ఒకే ఒక్క సంఘటన మీద గడపాలి. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్లానగన్ 1954లో వివరించిన పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది. అభిప్రాయాలను పక్కనపెట్టి, నిజంగా జరిగిన ఒక కీలక సంఘటనను పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్పించడం.

"మందు తప్పిపోవడం చివరిసారి ఎప్పుడు జరిగింది?"

"మొన్న బుధవారం అనుకుంటా."

"ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి చెప్పండి. మొదట ఏం చేశారు?"

ఇక్కడి నుంచి మీ చేతిలో ఉండాల్సినవి చిన్న చిన్న మాటలే. "తర్వాత?" "అప్పుడు మందులు ఎక్కడున్నాయి?" "ఇంట్లో ఇంకెవరున్నారు?" "తప్పిపోయిందని మీకు ఎప్పుడు తెలిసింది?" "తెలిశాక ఏం చేశారు?" "ఒకసారి చూపిస్తారా?" ఈ చివరిది బంగారం లాంటి ప్రశ్న. మందుల డబ్బా బయటికి తెస్తారు, గోడమీద అంటించిన కాగితం చూపిస్తారు, ఫోన్‌లో ఐదు అలారాలు కనిపిస్తాయి. మాటల్లో ఎన్నటికీ రానివి అలా బయటపడతాయి.

"సాధారణంగా ఎలా వేసుకుంటారు?" అని అడిగితే ఆదర్శంగా ఉండే రోజును వర్ణిస్తారు. అలాంటి రోజు ఎవరి జీవితంలోనూ ఉండదు. "మొన్న", "చివరిసారి", "ఈ వారంలో" అనే మాటలు వాడితే జ్ఞాపకం ఒక నిజమైన రోజు మీద ఆనుతుంది. మరీ పాత సంఘటన కూడా పనికిరాదు. నెల దాటితే ఖాళీలను ఊహతో పూడుస్తారు.

"ఎందుకు" అనే మాటను పొదుపుగా వాడండి. "ఎందుకు వేసుకోలేదు?" అన్నది నిలదీసినట్టుంటుంది, దానికి సంజాయిషీ వస్తుంది. "అప్పుడు ఏం జరుగుతోంది?" అంటే కారణం దానంతటదే బయటికొస్తుంది.

ప్రశ్నలో మీరు వాడే మాట జవాబును ఎంతగా వంచుతుందో తెలియాలంటే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రచురించిన ప్రయోగం చూడండి. కార్లు ఢీకొన్న ఫిల్ములను అందరికీ చూపించి, వేగం ఎంతుండొచ్చని అడిగారు. ప్రశ్నలో క్రియాపదం ఒక్కటే మార్చారు. "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అనే అర్థమిచ్చే మాట విన్నవాళ్లు సగటున గంటకు 40.8 మైళ్లన్నారు. "తగిలినప్పుడు" అనే అర్థమిచ్చే మాట విన్నవాళ్లు 31.8 మైళ్లన్నారు. చూసినవి అవే దృశ్యాలు. కాబట్టి "అలారం మోగుతుంటే విసుగొస్తుందా?" అని అడగకండి. "అలారం మోగినప్పుడు ఏం చేశారు?" అని అడగండి. విసుగు ఉంటే అదే వస్తుంది. వాళ్లు ఏ మాట వాడితే అదే మాటతో తర్వాతి ప్రశ్న అడగండి. వాళ్లు "గోలీ" అంటే మీరూ "గోలీ" అనండి.

మౌనాన్ని భరించడం నేర్చుకోవాలి. జవాబు ఆగగానే తర్వాతి ప్రశ్నకు దూకకుండా మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. మూడో నాలుగో అంకె దగ్గర అవతలివాళ్లే అందుకుంటారు, మొదటి జవాబు వెనక దాచుకున్నది చెబుతారు. "నిజం చెప్పాలంటే..." అని మొదలయ్యే వాక్యాలు ఎక్కువగా ఈ మౌనం తర్వాతే వస్తాయి.

ఫలానా ఫీచర్ కావాలని వాళ్లే అడిగితే? రాసుకోండి, కానీ అక్కడ ఆగకండి. "అది ఉండి ఉంటే ఈమధ్య ఏ రోజు పనికొచ్చేది?" అని అడగండి. ఒక రోజును చూపించగలిగితే దాని వెనక నిజమైన ఇబ్బంది ఉంది. చూపించలేకపోతే అది మాటవరసకు అన్నది.

ఇబ్బంది ఎంత లోతైనదో కొలవడానికి ఒక నమ్మదగిన గుర్తుంది. దాన్ని తప్పించుకోవడానికి వాళ్లు ఇప్పటికే ఏమైనా చేశారా? డబ్బు పెట్టారా, శ్రమ పడ్డారా, ఇంకొకరి సాయం అడిగారా? గళ్ల డబ్బా కొని ప్రతి ఆదివారం నింపుకునే మనిషికి అది నిజమైన సమస్య. "అబ్బో, చాలా ఇబ్బందండీ" అంటూ ఇంతవరకూ ఏ ప్రయత్నమూ చేయని మనిషి, మీ యాప్ కోసం కూడా ఏమీ చేయకపోవచ్చు.

చివర్లో "మేం అడగాల్సింది ఏదైనా వదిలేశామా?" అని అడగండి. రికార్డింగ్ ఆపాక కూడా చెవులు తెరిచే ఉంచండి. గుమ్మం దగ్గర చెప్పేది విలువైనదైతే, దాన్ని కూడా వాడుకోవచ్చా అని అక్కడికక్కడే అడగండి.

నోట్స్ రాసేవాళ్లు కాగితాన్ని నిలువునా రెండుగా విడగొట్టాలి. ఎడమవైపు వాళ్లు అన్న మాట అన్నట్టుగా, కుడివైపు మీకు అనిపించింది. రెండూ కలిసిపోతే వారం తర్వాత ఏది ఎవరిదో తేల్చడం అసాధ్యం. ఇంటర్వ్యూ అయిన వెంటనే, ఇందాక చెప్పిన అరగంటలో, ఇద్దరూ కూర్చుని ఆశ్చర్యపరిచిన మూడు సంగతులు రాయండి. సాయంత్రానికి వాయిదా వేస్తే ఆ రోజు ముగ్గురూ ఒకరిలో ఒకరు కలిసిపోతారు.

మొదటి రికార్డింగ్ విన్నప్పుడు మీ గొంతు ఎంతసేపు వినిపిస్తోందో గడియారం పెట్టి చూడండి. ఐదో వంతు దాటితే మీరు ఎక్కువ మాట్లాడుతున్నారు. ఒకే ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిపేయడం, జవాబు రాకముందే "అంటే ఇదా, అదా?" అని వికల్పాలు అందించడం కూడా అప్పుడే దొరికిపోతాయి. అందుకే మొదటి ఇంటర్వ్యూను అభ్యాసంగా పెట్టుకుని, దాన్నిబట్టి ప్రశ్నలు సరిదిద్దుకోండి.

పక్కన కూర్చుని చూడడం

మనిషికి అలవాటైపోయిన పని మాటల్లోకి రాదు. అది చూస్తేనే తెలుస్తుంది. డిజైన్ నిపుణులు హ్యూ బేయర్, కారెన్ హోల్ట్జ్‌బ్లాట్ ఈ పద్ధతిని గురుశిష్య సంబంధంతో పోల్చారు. చేసేవాళ్లు గురువు, మీరు పని నేర్చుకోవడానికి వచ్చిన శిష్యుడు. గంట నుంచి రెండు గంటలు, ఆ పని నిజంగా జరిగే చోట, జరిగే వేళకు వెళ్లాలి. రాత్రి మందు గురించి తెలియాలంటే మధ్యాహ్నం వెళ్లి లాభం లేదు.

కాగితం మీద నాలుగు గడులు చాలు: సమయం, ఏం చేశారు, దేనితో చేశారు, ఎక్కడ ఆగారు. ముఖ్యంగా చూడాల్సినవి సొంతంగా కల్పించుకున్న ఉపాయాలు (చీటీలు, గుర్తులు, ముడులు), మధ్యలో వచ్చే అంతరాయాలు, సాయానికి వచ్చే రెండో మనిషి, ఒక వస్తువుకు బదులు ఇంకొకటి వాడడం. వాళ్లు తడబడితే సాయం చేయకండి. మీ చేయి పడిన చోట నేర్చుకోవడం ఆగిపోతుంది. ఆరోగ్యానికి ప్రమాదం కనిపిస్తే మాత్రం పరిశీలన సంగతి మరచిపోయి వెంటనే చెప్పండి.

చూస్తున్నారని తెలిస్తే ఎవరైనా కొంచెం ఒద్దికగా ఉంటారు. మొదటి ఇరవై నిమిషాల్లో కనిపించేది అతిథి ముందు ప్రవర్తన. అందుకే ఆపైన కూడా ఉండాలి.

దీని బలం ఎక్కడుందో ఉదాహరణలో చూడండి. ఇంటర్వ్యూలో ఒకరు "మరచిపోతుంటానండీ" అన్నారు. అదే మనిషి పక్కన కూర్చుంటే కనిపించేది వేరు కావొచ్చు: అలారం మోగింది, వినిపించింది, వేలితో ఆపేశారు, ఎందుకంటే ఆ మందు తిన్నాక వేసుకోవాలి, ఇంకా తినలేదు. తిన్నాక అలారం మళ్లీ మోగదు. ఇక్కడ లోపం జ్ఞాపకంలో లేదు, మోతకూ మింగడానికీ మధ్యనున్న ఇరవై నిమిషాల్లో ఉంది. గట్టిగా మోగే అలారం తయారుచేస్తే ఈ మనిషికి ఒక్క మందు కూడా అదనంగా పడదు.

రోజుల తరబడి సాగే పనిని అలా కూర్చుని చూడలేం. అప్పుడు డైరీ పద్ధతి మంచిది. 7 నుంచి 10 రోజులు, రోజుకు రెండు మూడు ప్రశ్నలు, ఒక్క నిమిషంలో అయిపోవాలి. ఫొటోనో, వాయిస్ మెసేజో పంపమంటే రాయడం కంటే ఎక్కువ వస్తుంది. మూడో రోజు నుంచి జవాబులు పలచబడతాయి, కాబట్టి రోజూ ఒకే వేళకు చిన్న సందేశం పంపాలి, వచ్చినదానికి మనిషిగా బదులివ్వాలి. డైరీతోనే ముగించకుండా, అది ముందు పెట్టుకుని అరగంట మాట్లాడితే ఫలితం రెట్టింపవుతుంది. ఒక చిక్కు ఉంది. మన ఉదాహరణ లాంటి వాటిలో డైరీ రాయడమే మందును గుర్తుచేస్తుంది, దాంతో ఆ పది రోజులూ మందు తప్పదు. ఎన్నిసార్లు తప్పిందో లెక్కించడానికి డైరీని నమ్మొద్దు. ఎలా జరిగిందో తెలుసుకోవడానికి వాడండి.

నమూనా పెట్టి పరీక్షించడం

ఆలోచనకు ఒక రూపం వచ్చాక కాగితం మీద నాలుగైదు యాప్ తెరలు గీసి ఇవ్వండి. పెన్సిల్ గీతలే మేలు. మెరుగులు దిద్దిన బొమ్మ చూపిస్తే రంగుల గురించి మాట్లాడతారు, తప్పు చెప్పడానికి మొహమాటపడతారు.

చేయాల్సిన పనిని ఒక సందర్భంగా చెప్పండి. తెరమీద "కొత్త మందు చేర్చు" అని బటన్ ఉంటే, "కొత్త మందు చేర్చండి" అనకూడదు. అది కళ్లకు పరీక్ష అవుతుంది, అర్థానికి కాదు. "డాక్టర్ ఈరోజు రాత్రిపూట వేసుకోమని ఇంకో గోలీ రాశారు. ఇప్పుడేం చేస్తారు?" అనండి. మనసులో మెదిలేది పైకి అంటూ చేయమనండి. "ఇది నొక్కితే ఏమవుతుంది?" అని వాళ్లు అడిగితే "ఏమవుతుందని అనుకుంటున్నారు?" అని తిరిగి అడగండి. కష్టమే, కానీ చేతులు కట్టుకుని కూర్చోండి.

ఐదుగురు చాలన్న మాట ఈ పరీక్ష గురించే తరచూ వినిపిస్తుంది. దాని మూలం పరిశోధకులు జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో ఇచ్చిన లెక్క. ఒక లోపం ఒక్కో మనిషికి ఎదురయ్యే అవకాశం సగటున 31 శాతం అనుకుంటే, ఐదుగురితో దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయి. ఆ 31 శాతం అన్న షరతును మరచిపోకండి. పదిమందిలో ఒకరికే ఎదురయ్యే లోపమైతే, ఐదుగురితో అది కనిపించే అవకాశం 41 శాతమే. అందుకే పదిహేను మందిని ఒకేసారి కూర్చోబెట్టడం కంటే, ఐదుగురితో చూసి, సరిదిద్ది, మళ్లీ ఐదుగురితో చూడడం మంచిది. పెద్ద లోపం తొలగితేనే దాని వెనకున్నది కనిపిస్తుంది.

ఈ పరీక్ష ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది: వాడగలరా లేదా. కావాలా వద్దా అన్నది దీనిలో తేలదు. చక్కగా వాడి, "భలే ఉంది" అని మెచ్చుకుని, మళ్లీ ముట్టుకోనివాళ్లు ఎందరో ఉంటారు. కావాలో లేదో తేలాలంటే వాళ్లనుంచి ఏదైనా ఖర్చవ్వాలి. వచ్చే వారం ఇంకో గంట ఇస్తారా, ఇంట్లోవాళ్లకు పరిచయం చేస్తారా, ముందుగా డబ్బు కడతారా? మెచ్చుకోలును లెక్కలోకి తీసుకోకండి.

మెనూలు, విభాగాల పేర్లు నిర్ణయించాలంటే కార్డులు పేర్చించడం సరిపోతుంది. 30 నుంచి 50 కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో అంశం, 15 మంది దాకా. దగ్గరివనుకున్నవాటిని కుప్పలుగా పెట్టి పేర్లు పెట్టమనండి. అందరూ ఒకే చోట పెట్టినవాటితో చిక్కులేదు, తలా ఒక చోట పెట్టిన కార్డుల దగ్గర ఆగి మాట్లాడండి.

సర్వేను చివరికి ఉంచండి

సర్వే సులువుగా కనబడుతుంది కాబట్టి అందరూ దాంతోనే మొదలుపెడతారు. అడగాల్సినవేవో తెలియకముందే అడగడం అది. ఎంతమంది అన్నది సర్వే చెబుతుంది. ఏమిటి, ఎలా అన్నవి ముందే ఇంటర్వ్యూల్లో తెలిసి ఉండాలి. జవాబుల జాబితా కూడా ఇంటర్వ్యూల్లో విన్న మాటలతోనే తయారవ్వాలి.

పెద్ద సంఖ్య చూసి ధైర్యపడకండి. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి పైగా పోస్టు పంపింది, సుమారు 24 లక్షల జవాబులు వచ్చాయి. ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు టెలిఫోన్, కార్ల యజమానుల జాబితాల నుంచి తీసుకున్నారు. ఆ రోజుల్లో అవి ఉన్నవాళ్లు మిగతావాళ్లలాంటివాళ్లు కారు. దానికి తోడు జవాబు పంపినవాళ్లూ, పంపనివాళ్లూ ఒకేలా ఆలోచించలేదు.

యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడు, సర్వేలో వచ్చిన అంకెకూ అసలు అంకెకూ మధ్య, 95 శాతం నమ్మకంతో (అంటే నూటికి 95 సర్వేల్లో), 100 మందితో అటూ ఇటూ 10 శాతం, 400 మందితో 5 శాతం, 1000 మందితో 3 శాతం తేడా ఉంటుంది. తేడాను సగం చేయాలంటే మనుషులు నాలుగు రెట్లు కావాలి. లింకు పెట్టి ఇష్టమున్నవాళ్లను నింపమంటే ఈ లెక్కేదీ వర్తించదు.

పది ప్రశ్నలు, ఐదు నిమిషాలు దాటకూడదు. ఒక ప్రశ్నలో ఒకే సంగతి ఉండాలి. "సులువుగా, వేగంగా ఉందా?" అంటే దేనికి జవాబిచ్చారో తెలియదు. "తరచుగా", "అప్పుడప్పుడు" వద్దు, ఒక్కొక్కరి కొలత ఒక్కో రకం. "గత 7 రోజుల్లో ఎన్నిసార్లు?" అనండి. "ఇవేవీ కాదు" అనే గడి తప్పనిసరి. అందరికీ పంపే ముందు నలుగురి చేత మీ ఎదుటే పైకి చదివిస్తూ నింపించండి. ఎక్కడ ఆగి రెండోసారి చదువుతారో ఆ వాక్యం మార్చాలి.

దొరికినదాన్ని ఏం చేయాలి

జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవకితా రూపొందించిన చీటీల పద్ధతిని మించినది ఇంకా కనబడలేదు. నోట్స్ నుంచి ఒక్కో సంగతిని ఒక్కో చీటీ మీద రాయండి. మూలలో ఆ మనిషి గుర్తు సంఖ్య వేయండి. పేరు వద్దు. ఒక్కో ఇంటర్వ్యూ నుంచి 30 నుంచి 50 చీటీలొస్తాయి. అన్నీ గోడమీద అంటించి, ముందుగా శీర్షికలేవీ పెట్టుకోకుండా, ఒకేలా అనిపించినవాటిని దగ్గరికి చేర్చండి. మొదటి అరగంట ఎవరూ మాట్లాడకపోతే మంచిది, గట్టిగా మాట్లాడే మనిషి మాట నెగ్గకుండా ఉంటుంది.

కుప్పకు పేరు ఒక వాక్యంగా ఉండాలి. "నోటిఫికేషన్లు" అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. "మోగే వేళకు మందు వేసుకునే వీలుండదు" అని రాస్తే ఏం చేయాలో తెలుస్తుంది. కుప్ప పెద్దదా చిన్నదా అన్నది చీటీలు లెక్కపెట్టి తేల్చకండి, మూలనున్న సంఖ్యలు చూసి ఎందరు మనుషులో చూడండి. బాగా మాట్లాడే ఒక్కరే ఇరవై చీటీలు ఇవ్వగలరు. ఆరుగురిలో నలుగురైతే "ఆరుగురిలో నలుగురు" అనే రాయండి. "67 శాతం" అని రాస్తే చదివేవాళ్లు దాన్ని సర్వే ఫలితం అనుకుంటారు.

ఏ కుప్పలోనూ ఇమడని చీటీలను పారేయకండి. పక్కన పెట్టి, వాటి మూలల్లో ఒకే సంఖ్య పదేపదే ఉందేమో చూడండి. ఉంటే, ఆ మనిషి మీరు ఊహించని రకానికి చెందినవారు.

తర్వాత ప్రతి పెద్ద కుప్ప నుంచి ఒక అవసరాన్ని రాయండి: ఎవరు, ఎప్పుడు, ఏం చేయబోతారు, ఏది అడ్డొస్తుంది, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు. ఉదాహరణకు: "తిన్నాక వేసుకోవాల్సిన మందులున్నవాళ్లకు తినే వేళ రోజూ మారుతుంది. గడియారం ప్రకారం మోగిన అలారాన్ని ఆపేసి, మందు షీటును పళ్లెం పక్కన పెట్టుకుని గుర్తుంచుకుంటున్నారు." దీనిలో యాప్, బటన్, ఫీచర్ అనే మాటలు లేవు. ఉంటే కొట్టేసి మళ్లీ రాయండి. పరిష్కారాలు దీని తర్వాత ఆలోచించాలి, అవి రెండు మూడు ఉండాలి. అప్పుడు మొదటి రోజు రాసుకున్న మూడు వాక్యాల కాగితం బయటికి తీసి, మూడో వాక్యాన్ని అందరి ముందూ పైకి చదవండి.

రికార్డింగులు, ఫొటోలు ఎవరి దగ్గర ఉంటాయో, ఎప్పటిదాకా ఉంటాయో అనుమతి అడిగేటప్పుడే చెప్పి ఉండాలి. ఆరోగ్యం, డబ్బు, కుటుంబం లాంటి సంగతులున్నప్పుడు ఇది మరీ ముఖ్యం. మందు చీటీ ఫొటోలో పేరు, ఫోన్ నంబరు కనిపిస్తే అక్కడికక్కడే చెరిపేయండి. అన్నిటినీ తొలగించే తేదీని, మొదటి ఇంటర్వ్యూ జరిగిన రోజే క్యాలెండర్‌లో రాసి, ఆ పని ఎవరు చేయాలో పక్కనే పేరు పెట్టండి.